సైకిలు పుస్తకాల్లో వంటిల్లు లేదేం?

కిందటి పుష్యమాసంలో ఒకరోజు పొద్దున్నే ఎనిమిది గంటలకి మా వీధి గుమ్మం ముందు అయిదు సైకిళ్ళు ఆగాయి. మంచు ఇంకా విడలేదు. ఎవరో తలకి డిప్పలు బోర్లించుకుని, కాళ్ళకి అతుక్కుపోయిన లాగులతో దిగుతుంటే, సర్కస్ వాళ్ళు కాబోలు అనుకున్నాను. అందులో ఒకడు “చిన్నమ్మమ్మా!” అని పిలిచేదాకా మా అక్క మనవడని పోల్చుకోలేదు సుమండీ!

తెల్లవారుజామున నాలుగింటికి ఏలూరులో బయల్దేరి, కొల్లేరు దాటి, కైకలూరు మీదుగా మా కలిదిండి వచ్చారట. ఇక్కణ్ణించి ఆకివీడు, భీమవరం, తాడేపల్లిగూడెం చూసుకుని రాత్రికి మళ్ళీ ఏలూరు చేరతారట. ఎందుకురా అంటే, “ఊరికే” అన్నాడు. నాలుగు సైకిళ్ళు ఒక్కొక్కటీ పాడిగేదె ఖరీదు చేస్తుందని మావారు వాళ్ళని అడిగి తెలుసుకున్నారు. అయిదోది మాత్రం పాత ర్యాలీ సైకిలు. తళతళా తోమి, తోలు సీటుకి నూనె రాసి, డైనమో దీపంతో సహా పెళ్ళికొడుకులా ఉంది. మావారు ఆ నాలుగింటినీ వదిలేసి దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు. నేను పెసరట్లు పోశాను. ఆరుసార్లు కాఫీ కలిపాను. పదింటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

నెల తిరక్కుండా వాడి దగ్గర్నించి ఓ కట్ట వచ్చింది. ఆ ప్రయాణం మీద వాడు తెలుగులో రాసిన ఇరవైమూడు పేజీలూ, వాటితోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకమూను. “నువ్వు బాగా చదువుతావుగా చిన్నమ్మమ్మా! నిజం చెప్పు, అచ్చు వేయించొచ్చా? ఆ పుస్తకం చూసే నాకు రాయాలనిపించింది. అదీ చదువు” అని చీటీ. నిజం చెప్పమన్నవాళ్ళకి నిజం చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియనిదేముంది! అంచేత ముందు ఇంగ్లీషు పుస్తకమే పట్టుకున్నాను.

అది డెర్వ్లా మర్ఫీ రాసిన ‘ఫుల్ టిల్ట్’. 1965లో అచ్చయింది. ఆవిడ ఐర్లండులో లిస్మోర్ అనే చిన్న ఊరి మనిషి. 1963 జనవరిలో, యూరపు అంతా గడ్డకట్టిన చలికాలంలో, ఒంటరిగా సైకిలెక్కి, యుగోస్లావియా, టర్కీ, ఇరాన్, ఆఫ్గనిస్తాన్, పాకిస్తాన్ దాటుకుని జూలైకి ఢిల్లీ చేరింది. మగవాళ్ళు తొక్కే సైకిలే. దానికి డాన్ క్విక్సోట్ గుర్రం రోసినాంటే పేరు పెట్టి, ముద్దుగా ‘రోజ్’ అని పిలుచుకుంది. అంతంత దారులకి పనికిరావని గేర్లు తీయించేసింది. టైర్లు ముందుగానే దారిలో ఊళ్ళకి పోస్టులో పంపుకుంది. జేబులో చిన్న పిస్తోలు. యుగోస్లావియా అడవిలో తోడేళ్ళ మీద అది పేల్చవలసి వచ్చింది కూడాను.

నాలుగు మధ్యాహ్నాల్లో చదివేశాను. చదువుతున్నంతసేపూ ఆవిడంటే ఇష్టమూ, చెప్పొద్దూ, కొంచెం అసూయా. ఆవిడ భాషలో డాబు లేదు. ఏ రోజుకారోజు రాత్రి రాసుకున్న మాటలు కనక చెమటా, దుమ్మూ, ఆకలీ ఆరిపోకుండా ఉన్నాయి. తన సాహసం చూసి తనే మురిసిపోదు. ఆఫ్గనిస్తాన్‌లో ఆవిడకి మూడు పక్కటెముకలు విరిగిన వైనం చూడండి. సైకిలు మీద కాదు, బస్సులో! ఎవరో ఇద్దరు కొట్టుకుంటుంటే తుపాకి మడమ వచ్చి ఈవిడకి తగిలింది. అయినా ఆఫ్గన్ల మీద ఒక్క నిష్ఠూరం లేదు, పైగా ఆ దేశమే తనకి ఎంతో నచ్చిందని చెబుతుంది. ఆ పాతకాలపు ఆఫ్గనిస్తాన్ పేజీలు ఇవాళ చదువుతుంటే కడుపులో దేవినట్టుంటుంది. అప్పుడు ఆవిడకి టీ ఇచ్చి పడుకోడానికి చోటిచ్చిన ఇళ్ళల్లోని ఆడపిల్లలకి ఆ తర్వాత ఎలాంటి రోజులు వచ్చాయో మనకి తెలుసు కదా.

కాని పుస్తకం మూసేశాక ఓ సందేహం పట్టుకుంది. ముప్ఫై ఒక్కేళ్ళు వచ్చేదాకా ఈవిడ ఎందుకు ఆగింది? పదో పుట్టినరోజుకి సైకిలూ, అట్లాసూ బహుమానంగా వచ్చాయనీ, అప్పుడే ఇండియాకి వెళ్ళాలని నిశ్చయించుకున్నాననీ అంటుందే! మధ్యలో ఇరవయ్యేళ్ళు ఏమైనట్టు?

ఆ జవాబు ఈ పుస్తకంలో సరిగ్గా దొరకదు. 1979లో ఆవిడ రాసిన ఆత్మకథ ‘వీల్స్ వితిన్ వీల్స్’లో ఉంది. అదీ తెప్పించుకు చదివాను. తల్లికి కీళ్ళవాతం, మంచం దిగలేదు. పద్నాలుగో ఏట బడి మానేసి ఈ పిల్ల తల్లికి సేవ చేస్తూ కూచుంది. పదహారేళ్ళు! మధ్యమధ్య తల్లే వెళ్ళిరమ్మంటే సైకిలు మీద కొన్ని వారాలు ఎక్కడికో వెళ్ళొచ్చేది. రానురాను అదీ లేకపోయింది. 1962లో తల్లి పోయింది, అంతకు ముందే తండ్రి. ఆ మరుసటి జనవరిలోనే బయల్దేరింది. ఆ పదహారేళ్ళలో తనకి వచ్చిన కోపాన్నీ, విసుగునీ, తల్లి మీద పుట్టిన కసినీ కూడా దాచుకోకుండా రాసింది. నేను చదివిన ఆడవాళ్ళ ఆత్మకథల్లో అంత ధైర్యంగా రోగి గదిని చూపించింది ఇంకోటి లేదు. తోడేళ్ళని పిస్తోలుతో కాల్చడం ఏపాటి!

మా అత్తగారు ఆరేళ్ళు మంచాన ఉండి పోయారు. ఆవిడ మంచిదే. నేనూ మంచిదాన్నే అనుకుంటాను. అయినా ఆ ఆరేళ్ళలో అర్ధరాత్రి దుప్పట్లు మారుస్తూ నా మనసులో ఏయే మాటలు తిరిగాయో ఎవరికీ చెప్పలేదు. ఈ ఐరిష్ ఆవిడ చెప్పేసింది. అంచేత నా అభిప్రాయం, మా వాడికి నచ్చినా నచ్చకపోయినా ఇదీ: ‘ఫుల్ టిల్ట్’ని ఒంటరిగా చదివితే సరదా పుస్తకం. ఆత్మకథ చదివాక మళ్ళీ తిరగేస్తే ఆ తొక్కుడులో వేగం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తుంది. ఆవిడ 2022లో, తొంభయ్యో ఏట పోయింది.

మా వాడు ఫోనులో ఇంకొన్ని పాత పుస్తకాలు కూడా చూపించి వెళ్ళాడు. అన్నీ ఒక్కలాంటివి కావు. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, ముందు చక్రం మనిషంత ఎత్తున్న సైకిలు మీద ప్రపంచం చుట్టిన థామస్ స్టీవెన్స్ రెండు సంపుటాలు రాశాడు. నేను సగంలో ఆపేశాను. 1894లో భర్తనీ, ముగ్గురు పిల్లల్నీ బోస్టన్‌లో వదిలి ‘ఆనీ లండన్‌డెరీ’ అనే పేరుతో వెళ్ళినావిడ సంగతి మహా తమాషా. ఆ పేరు ఆవిడది కాదు, మంచినీళ్ళ సీసాల కంపెనీది! ప్రకటన కోసం డబ్బిచ్చారు. ఇండియాలో పులుల్ని వేటాడానని కూడా పత్రికల వాళ్ళకి కోసింది. అబద్ధాలైతేనేం, హాయిగా చెప్పింది.

ఫానీ బులక్ వర్క్‌మన్ దగ్గర మాత్రం నాకు మనసు విరిగింది. 1890ల చివర భర్తతో కలిసి మన దేశమంతా సైకిలు మీద తిరిగి, గుళ్ళూ శిల్పాలూ శ్రద్ధగా చూసి రాసింది. పద్నాలుగు వేల మైళ్ళని పుస్తకం పేరులోనే ఉంది. గుళ్ళని చూసిన కళ్ళతో మనుషుల్ని చూడలేకపోయింది. నౌకర్లు ఇలా, కూలీలు అలా అని ఒకటే సణుగుడు. వాళ్ళ సామాను ఎవరు మోశారు, ఎవరు వండారు? ఆ మనుషులు అడ్డొచ్చినప్పుడే కనిపిస్తారు, పని సవ్యంగా జరిగినప్పుడు కనిపించరు. ఇంకో సంగతి. ఆవిడ కూతురి పేరు రేచల్, డెర్వ్లా కూతురి పేరూ రేచలే! ఒకావిడ పిల్లని బోర్డింగు బడిలో ఉంచి తిరిగింది. రెండో ఆవిడ, పెళ్ళి చేసుకోకుండానే పిల్లని పెంచిన మనిషి, అయిదేళ్ళ దాన్ని వెంటబెట్టుకుని మన దక్షిణాదికొచ్చి కూర్గు మీద పుస్తకం రాసింది. పిల్లకి జ్వరమొస్తే ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు రాసిన యాత్ర వేరేగా ఉంటుంది.

మనవాళ్ళలో ఏనుగుల వీరాస్వామయ్యగారున్నారు. ఆయనది సైకిలు కాదు, పల్లకీ. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్ళొచ్చి ‘కాశీయాత్ర చరిత్ర’ రాశారు. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఏ బావి నీళ్ళు మంచివి, ఎక్కడ ఏ వస్తువు దొరుకుతుంది అన్నీ వరసగా రాశారు. చిన్నప్పుడు చదివి విసుక్కున్నాను. ఇప్పుడు మళ్ళీ చూస్తే, పరివారానికంతకీ రాత్రికి బియ్యం ఎలా అన్న చింత ఉన్న మనిషి రాసిన పుస్తకం అదొక్కటే అనిపిస్తోంది.

ఇక మా వాడి ఇరవైమూడు పేజీలు. వాడు నిజం చెప్పమన్నాడు కదా.

మొదటి మెప్పు: వాడికి కళ్ళున్నాయి. ఆటపాక దగ్గర అటవీశాఖ వాళ్ళు నిలబెట్టిన ఇనప మంచెల మీద గూడబాతులు కాపురం పెట్టిన తీరు రెండు పేజీల్లో ఎంత బాగా రాశాడో! చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్ళతో తెల్లవారుజామున రోడ్డు ఎలా జారుతుందో, ముందు సైకిలు వాడు పడితే వెనకవాడు ఎలా తప్పుకోవాలో రాశాడు. చెరువు గట్టు మీద పంక్చరు పడితే, బేసినులో నీళ్ళు లేక చెరువులోనే ట్యూబు ముంచి బుడగలు వెతికారట. నవ్వుకున్నాను.

తప్పులు: ప్రతి పేజీ కిలోమీటర్లతో మొదలవుతుంది, పంచాంగంలో తిథిలాగా. ఎంత దూరం, ఎంత వేగం, ఎన్ని నిముషాలు. వాడి ధ్యాసంతా ప్యారిస్ మీద ఉంది. అక్కడ ప్యారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళి మళ్ళీ ప్యారిస్ రావాలట, 1200 కిలోమీటర్లు, తొంభై గంటల్లో. 1891లో మొదలైన పందెమట అది. దానికి అర్హత రావాలంటే ఇక్కడ 200, 300, 400, 600 కిలోమీటర్లు గడువులోగా తొక్కి చూపించాలి. తొక్కనీ, తప్పని ఎవరన్నారు? కాని గడియారం చూసుకుంటూ వచ్చినవాడు గడియారం గురించే రాస్తాడు.

అది పెద్ద తప్పు కాదు. నాకు ఒళ్ళు మండింది తొమ్మిదో పేజీలో. ‘నిర్మానుష్యమైన కొల్లేటి గట్లు’ అన్నాడు! నాలుగింటికి బయల్దేరిన వాడికి వలలు లాగేవాళ్ళూ, మేత బస్తాలు మోసేవాళ్ళూ, రాత్రంతా చెరువు కాపలా కాసి టార్చిలైటు ఆర్పేసుకుంటున్నవాళ్ళూ మనుషులు కారా? ‘కాలం ఆగిపోయిన కలిదిండి’ అన్నాడు పదకొండో పేజీలో. రాజరాజ నరేంద్రుడు యుద్ధంలో చనిపోయిన ముగ్గురు చోళ సేనానుల పేర ఇక్కడ శివాలయాలు కట్టించాడని రాగిరేకులు చెబుతున్నాయి. ఆ కాలం పోయి వరి వచ్చింది. నా కళ్ళ ముందే వరి పోయి చేపల చెరువులు వచ్చాయి, ఆ వెనక రొయ్యలు. 2006లో కొల్లేట్లో అక్రమం చెరువుల గట్లు కొట్టేశారు, మళ్ళీ లేచాయి. 2022లో మా ఊరు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. మేము కదలకుండానే జిల్లా మారిపోయింది, కాలం ఎక్కడ ఆగిందిరా అబ్బాయ్!

‘ఎటు చూసినా నీళ్ళే’ అని కూడా రాశాడు. నిజమే. ఆ రోజు వాళ్ళ అయిదుగురి సీసాల్లో నేను పోసిన నీళ్ళు ఇరవై లీటర్ల డబ్బాలోవి. కొనుక్కున్నవి. ఆ సంగతి వాడికి చెప్పలేదు నేను. కాని అడగనూ లేదు వాడు.

పేజీలన్నీ వెతికితే ఆడమనిషి మూడుచోట్ల కనిపించింది. గడ్డిమోపుతో ఒకావిడ, ఫొటో కోసం. బడ్డీకొట్టులో టీ ఇచ్చినావిడ. మూడోదాన్ని నేను. ‘చిన్నమ్మమ్మగారి ఆతిథ్యం మరువలేనిది.’ అంతే!

ఇక్కడ నాకొకటి గుర్తొస్తుంది. మా చిన్నప్పుడు ఊళ్ళోకి సైకిలు తొక్కేవాడొకడు వచ్చేవాడు. వారం రోజులు కాలు కింద పెట్టకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటానని మైకులో చెప్పి, డబ్బులు పోగుచేసుకునేవాడు. స్నానం సైకిలు మీదే, తిండి సైకిలు మీదే. అతని భార్య పక్కన పరుగులాంటి నడక నడుస్తూ అన్నం పళ్ళెం అందించేది. జనం అతన్నే చూసేవాళ్ళు. మా అమ్మ మాత్రం, “ఆ పిల్ల ఎప్పుడు తింటుందో” అనేది. సైకిలు సాహిత్యం మీద నేను విన్న మొదటి విమర్శ అదే అనుకుంటాను.

అలాంటి చూపుతో రాసిన వ్యాసం ఒకటుంది. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతతోపాటు ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. లక్షకి పైగా ఆడవాళ్ళు నేర్చుకున్నారట. పి. సాయినాథ్ దాని గురించి రాశారు, 1996లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. అందులో సగటు వేగం లేదు. నీళ్ళ బిందెలున్నాయి, వెనక కూచోబెట్టిన పిల్లలున్నారు, బస్సు కోసం కాచుకోనక్కర్లేని తీరికుంది. చదవగానే ఎవరికైనా లేచి సైకిలెక్కాలనిపిస్తుంది.

ఇక ఆ పాత సైకిళ్ళ మోజు. దాన్నే ‘వింటేజి రైడు’ అంటున్నారు. ఇటలీలో గయోలే అనే ఊళ్ళో 1997 నుంచి ‘ఎరోయికా’ అని ఏటా జరుగుతుందట. 1987కి ముందు నాటి సైకిళ్ళతోనే రావాలి, పాతకాలపు ఉన్ని చొక్కాలు వేసుకోవాలి. వినగానే వేషాలే అనుకున్నాను. తర్వాత తెలిసింది, అక్కడి తెల్లమట్టి రోడ్లని తారు పోసి కప్పెయ్యకుండా కాపాడుకోడానికి మొదలెట్టారట. అలాగైతే సబబే. మనవాళ్ళు దేన్ని కాపాడదామని? ఫొటోల్లో చూశాను. గ్లాస్కో పంచె, చేతిగడియారం, మూతికి మీసం, మెరిసే సైకిలు. ఆ పంచె ఉతికి గంజిపెట్టినావిడ ఫొటోలో లేదు, అప్పుడూ లేదు.

ఇంత నిష్ఠూరం ఎందుకంటే, మా అటక మీద కూడా ఓ ర్యాలీ ఉంది. మా నాన్నగారిది. ఎలిమెంటరీ స్కూలు మేష్టారు ఆయన. ముందు బిళ్ళ మీద కొంగ తల ఉంటుంది చూశారా, ర్యాలీ కంపెనీ గుర్తు అది. ఎక్కడో ఇంగ్లండు కొంగ, కొల్లేటి కొంగల మధ్య తిరిగి తిరిగి మా ఇంటి అటకెక్కింది! ఆయన రోజూ వానలో, బురదలో దాని మీదే బడికి వెళ్ళేవారు. ఒక్కోసారి బురదకి సైకిలే ఆయన భుజం మీద కూచునేది. మా అమ్మ తెల్లారి లేవగానే టైరుని బొటనవేలితో నొక్కి, “వెనక దానికి గాలి తక్కువుంది” అనేది. ఎప్పుడూ తప్పలేదు. దసరాకి దానికి పసుపు కుంకుమ పెట్టేది. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

నేనెక్కాను. బారు కిందనుంచి కాలు దూర్చి, నాన్నగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు కాలవ గట్టు మీద. రెండుసార్లు చేలో పడ్డాను. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అమ్మే, “ఇంక బాగుండదమ్మా” అంది. ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం ఎలా ఉందో చూడలేదు నేను. అదొకటి గుచ్చుతూంటుంది.

ఆ సైకిలునే వచ్చే రైడుకి ఇమ్మంటున్నాడు మా వాడు. “రంగు వేయించి, తళతళలాడిస్తాను చిన్నమ్మమ్మా” అంటాడు.

రాతప్రతి మీద నా అభిప్రాయాలన్నీ ఎర్ర సిరాతో రాసి పంపాను. గూడబాతుల పేజీలు, పంక్చరు పేజీ అచ్చుకి సిద్ధం, మిగతావి మళ్ళీ వచ్చి చూసి రాయమన్నాను. కాఫీ వేళకి కాక, నీళ్ళ డబ్బాల బండి వచ్చే వేళకి రమ్మన్నాను. అక్కినేని కుటుంబరావుగారి ‘కొల్లేటి జాడలు’ నవల చదివి మరీ రమ్మన్నాను. సైకిలు సంగతి ఏమీ రాయలేదు.

పదిరోజులకి ఫోను చేశాడు. గొంతులో కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే ఉంది. “నిర్మానుష్యం కొట్టేశాను. కాలం ఆగిపోవడం కూడా తీసేశాను. వీరాస్వామయ్యగారి పుస్తకం మొదలెట్టాను. కాని చిన్నమ్మమ్మా, ‘ఆతిథ్యం మరువలేనిది’ అన్నదాని కింద ఎర్రగీత ఎందుకు? అది నిజమేగా!”

“నిజమే నాన్నా! మర్చిపోయినా ఫర్వాలేదు. ఆరు కాఫీలని రాయి” అన్నాను.

“సైకిలో?”

“రంగు వెయ్యనంటే మాట్లాడదాం” అన్నాను.